పదేళ్ల సెడాన్ పక్కన కొత్త పెద్ద ఎస్‌యూవీ: తేడా ఎక్కడ తేలుతుంది?

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక పార్కింగ్ స్లాట్ వెడల్పు రెండున్నర మీటర్లు అనుకుందాం. అందులో 2014 నాటి హోండా సిటీ పెడితే రెండు పక్కలా కలిపి 80 సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. అదే చోట మహీంద్రా ఎక్స్‌యూవీ 700 పెడితే మిగిలేది 61 సెంటీమీటర్లే. ఒక్కో పక్కన 30 సెంటీమీటర్లన్న మాట, స్కూలు పిల్లల స్కేలంత. ఒక వైపు పిల్లర్, ఇంకో వైపు పక్క ఫ్లాట్ వాళ్ల కారు ఉంటే ఆ సందులో తలుపు కొంచెమే తెరిచి, ముందు బ్యాగు బయటికి తోసి, తర్వాత పొట్ట లోపలికి పీల్చి దిగాలి. షోరూమ్‌లో విశాలమైన నేల మీద, లైట్ల వెలుగులో నిలబెట్టిన బండిని చూసినప్పుడు ఈ సంగతి తట్టదు. కొన్నాక మాత్రం రోజుకు రెండుసార్లు గుర్తొస్తుంది.

పాత సెడాన్‌ని ఉంచుకోవాలా, అమ్మేసి పెద్ద ఎస్‌యూవీ తీసుకోవాలా అన్న చర్చ ఇప్పుడు చాలా ఇళ్లలో నడుస్తోంది. నడవడంలో ఆశ్చర్యం లేదు. వాహన తయారీదారుల సంఘం సియామ్ లెక్కల్లో 2024-25లో దేశంలో అమ్ముడైన దాదాపు 43 లక్షల ప్యాసింజర్ బండ్లలో ఎస్‌యూవీల్లాంటి యుటిలిటీ వాహనాలే 28 లక్షల దాకా ఉన్నాయి. నూటికి 65. ఒకప్పుడు పెద్ద కారంటే డిక్కీ ఉన్న కారు. ఇప్పుడు ఆ మాటకు అర్థమే మారిపోయింది. మధ్యతరగతి ఇంట్లో సెడాన్ స్థానాన్ని ఎస్‌యూవీ తీసేసుకుంది, సియాజ్ లాంటి పేరున్న సెడాన్ 2025లో ఉత్పత్తి ఆగిపోయి తప్పుకుంది.

పోలిక గాల్లో ఉండకూడదు కాబట్టి రెండు నిజమైన బండ్లను పక్కపక్కన పెట్టి చూడటం మంచిది. ఒకటి 2014 జనవరిలో వచ్చిన నాలుగో తరం హోండా సిటీ, పెట్రోలు. రెండోది 2021 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌యూవీ 700. ఆ ఏడాది అక్టోబరు 7న బుకింగ్‌లు తెరిస్తే 57 నిమిషాల్లో 25,000 బండ్లు బుక్కయ్యాయి. మన ఇంట్లో ఉన్నది వెర్నా అయినా, చూస్తున్నది సఫారీ అయినా అంకెలు కొద్దిగా అటూ ఇటూ అవుతాయి, లెక్క తీరు మాత్రం ఇదే.

ఈ పోలిక మొదలుపెట్టగానే అందరూ ముందు అడిగేది మైలేజీ. తేడా తేలేది మాత్రం అక్కడ కాదు. గుద్దుకున్నప్పుడు లోపలివాళ్లకు ఏమవుతుంది, ఏడాదికి బండి విలువ ఎంత కరిగిపోతుంది, మామూలు రోజుల్లో అందులో ఎంతమంది కూర్చుంటారు: ఈ మూడింటి దగ్గరే నిర్ణయం తేలాలి.

కొలతలు, బరువు, పికప్

సిటీ పొడవు 4,440 మిల్లీమీటర్లు, ఎక్స్‌యూవీ 700 పొడవు 4,695. పావు మీటరు తేడా పెద్దదేమీ కాదు. వెడల్పులో దాదాపు 20 సెంటీమీటర్లు, ఎత్తులో 26 సెంటీమీటర్ల తేడా ఉంది, అసలు కథ అక్కడుంది. వెడల్పును ఎత్తుతో గుణించి చూస్తే, గాలిని చీల్చుకుంటూ పోవాల్సిన ముఖభాగం ఎస్‌యూవీకి 30 శాతం ఎక్కువ. గాలి వేసే అడ్డు వేగానికి వర్గంగా పెరుగుతుంది. అందుకే ఊళ్లో 40లో పోతున్నప్పుడు తెలియని తేడా, ఔటర్ రింగ్ రోడ్డు మీద 110 దాటాక మైలేజీ మీటర్‌లో కళ్ల ముందే కనబడుతుంది.

బరువు సంగతికొస్తే సిటీ 1,060 కిలోల చుట్టూ ఉంటుంది. ఎక్స్‌యూవీ 700 వేరియంట్‌ని బట్టి 1,700 కిలోలకు పైనే. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంజిన్ బలాన్ని పీఎస్‌లలో కొలుస్తారు, సిటీ పెట్రోలు ఇంజిన్ 119 పీఎస్, ఎక్స్‌యూవీ పెట్రోలు ఇంజిన్ 200 పీఎస్. కాగితం మీద ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. టన్నుకు ఎన్ని పీఎస్ అని లెక్కేస్తే మాత్రం రెండూ 112-115 దగ్గరే తేలతాయి. అంటే పెరిగిన బలంలో చాలా భాగం పెరిగిన బరువును లాగడానికే ఖర్చయింది.

అలాగని రెండూ ఒకేలా నడుస్తాయా అంటే నడవవు. కారణం టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. సిటీకి 145 న్యూటన్ మీటర్లు, అదీ 4,600 ఆర్‌పీఎం దగ్గర. ఎక్స్‌యూవీ టర్బో పెట్రోలుకు 380, డీజిల్ ఆటోమేటిక్‌కు 450, అవి చాలా కింది ఆర్‌పీఎంలోనే అందుతాయి. సూర్యాపేట దాటాక ముందు సిమెంటు లారీ పోతోంది, కార్లో నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ నడుస్తోంది. సిటీలో ఓవర్‌టేక్ చేయాలంటే ఐదో గేరు నుంచి మూడుకు దించాలి, ఇంజిన్ గట్టిగా అరవాలి, ముందే చూసి లెక్కేసుకోవాలి. ఎస్‌యూవీలో కాలు కాస్త నొక్కితే చాలు, పని అయిపోతుంది. తేలికైన బండికి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నలుగురు మనుషులు, సామాను కలిపి 350 కిలోలు ఎక్కితే సిటీ తన సొంత బరువులో మూడో వంతు అదనంగా మోయాలి. ఎస్‌యూవీకి అది ఐదో వంతే. సెడాన్ ఒక్కడితో పోతే చురుగ్గా, నిండుగా పోతే నీరసంగా అనిపించేది ఇందుకే.

మలుపుల్లో మాత్రం తక్కువ ఎత్తుకు ఉన్న సుఖం వేరు. శ్రీశైలం ఘాట్‌లోనో, అరకు దారిలోనో కిందగా కూర్చునే సెడాన్ రోడ్డును పట్టుకుని పోతుంది, ఊగదు. ఎక్స్‌యూవీ 700కు వెనక మల్టీ లింక్ ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఇచ్చారు, తన సైజుకు బాగానే అదుపులో ఉంటుంది. అయినా ఎత్తున్న బరువు మలుపులో పక్కకు వాలకుండా ఉండదు. ఆ ఊపు ఎక్కువగా తెలిసేది మూడో వరుసలో కూర్చున్న పిల్లలకు. ఘాట్ ఎక్కేముందు వాళ్ల చేతికి నిమ్మకాయో, కవరో ఇచ్చే తల్లులకు ఈ విషయం చెప్పక్కర్లేదు.

గతుకుల దగ్గర లెక్క తిరగబడుతుంది. సిటీ గ్రౌండ్ క్లియరెన్స్ 165 మిల్లీమీటర్లు, అదీ ఖాళీ బండికి. ఐదుగురు కూర్చుని డిక్కీలో బియ్యం బస్తా వేస్తే ఇంకా దిగిపోతుంది. ఊరి మొదట్లో పంచాయతీవాళ్లు వేయించిన స్పీడ్ బ్రేకర్ మీద బండి కడుపు గర్రుమని రాసుకున్న శబ్దం సెడాన్ ఉన్నవాళ్లందరికీ తెలుసు. వెనకవాళ్లను దించి, బండిని ఏటవాలుగా తిప్పి ఎక్కించడం అలవాటైపోతుంది. ఎస్‌యూవీలో ఆ టెన్షన్ ఉండదు. వానాకాలం రోడ్డు మీద నీళ్లు నిలిచినప్పుడూ ఎత్తు కొంత పనికొస్తుంది. కానీ ఎత్తుగా ఉందన్న ధైర్యంతో లోతు తెలియని నీళ్లలోకి దింపడం ఏ బండికైనా ప్రమాదమే. గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్లు పోతే కొత్త ఇంజిన్ అయినా ఒంగిన కనెక్టింగ్ రాడ్లతో షెడ్డుకు పోతుంది. నీళ్లలో ఆగిపోయిన బండికి మళ్లీ సెల్ఫ్ కొట్టకూడదు, తోయించి బయటికి తీయాలి.

మనుషులు, సామాన్లు

ఏడు సీట్ల బండి కదా, సామాను కూడా ఎక్కువే పడుతుందనుకుంటారు. మూడో వరుస తెరిచి కూర్చుంటే వెనక మిగిలే చోటు చాలా తక్కువ. సిటీ డిక్కీ 510 లీటర్లు. రెండు పెద్ద సూట్‌కేసులు, ఒక బియ్యం బస్తా, సంక్రాంతికి ఊరి నుంచి కట్టిచ్చిన అరిసెల డబ్బాలు, కొబ్బరికాయల సంచీ అన్నీ పట్టేస్తాయి, వాసన కూడా కార్లోకి రాదు. ఎస్‌యూవీలో ఏడుగురు ఎక్కితే సామానుకు పైన క్యారియర్ కావాలి. ఐదుగురే ఎక్కి మూడో వరుస మడిస్తే మాత్రం సెడాన్‌కు అందనంత చోటు వస్తుంది, ఫ్రిజ్ కూడా తెచ్చుకోవచ్చు. అంటే ఏడుగురు మనుషులో, నిండుగా సామానో, ఏదో ఒకటే.

పెద్దవాళ్లు ఎక్కి దిగడం గురించి చాలామంది చెప్పే మాటలో సగమే నిజం ఉంది. సెడాన్‌లో సీటు కిందికి ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూర్చోవడం తేలికే, లేవడం కష్టం. తలుపు పైన హ్యాండిల్ పట్టుకుని, ఇంకొకరు చెయ్యిస్తే గానీ లేవలేరు. పెద్ద ఎస్‌యూవీలో దిగడం తేలిక, ఎక్కడం కష్టం. చీర కట్టుకున్న నాయనమ్మ ఒక కాలు పైకి ఎత్తి పెట్టి, ఒళ్లంతా దాని మీదికి లాక్కోవాలి. ఫుట్ బోర్డు వేయిస్తే కొంత నయం. ఇంట్లో డెబ్భై దాటినవాళ్లుంటే, వాళ్లను వెంట తీసుకెళ్లి ఎక్కించి దింపి చూడకుండా అడ్వాన్స్ కట్టకూడదు. ఎవరి మోకాలు ఎంత వంగుతుందో ఏ బ్రోచర్లోనూ రాసి ఉండదు.

గుద్దుకున్నప్పుడు

కొత్త బండి పాతదాన్ని నిజంగా, గట్టిగా దాటేసిన చోటు ఇదే. ఇక్కడ పాత కారు మీద ఇష్టంతో మాట్లాడటం సరికాదు.

బండ్లను గుద్దించి పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ 2021 నవంబరులో ఎక్స్‌యూవీ 700కు పెద్దల భద్రతలో 5 స్టార్లు, పిల్లల భద్రతలో 4 స్టార్లు ఇచ్చింది. నాలుగో తరం సిటీకి 2022 జనవరిలో రెండింటిలోనూ 4 స్టార్లు వచ్చాయి. పైకి ఒక్క స్టారు తేడా. రెండు పరీక్షల్లోనూ బండ్లకు ముందు రెండు ఎయిర్‌బ్యాగులే ఉన్నాయి. అంటే ఎక్స్‌యూవీ మార్కులు తెచ్చుకున్నది ఎయిర్‌బ్యాగుల లెక్కతో కాదు, బాడీ గట్టితనంతో. బండి కొనేటప్పుడు సేల్స్ కుర్రాడు ముందు ఎయిర్‌బ్యాగులు ఎన్నో చెబుతాడు. ముందు అడగాల్సింది క్యాబిన్ నలగకుండా నిలబడిందా అని.

ఆ స్టార్ల వెనక ఇంకో విషయం దాగి ఉంది. ఆ పరీక్షలో బండిని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఒక కదలని అడ్డం మీదికి పంపుతారు. ప్రతి బండీ తన బరువును తానే తట్టుకోవాలి. కాబట్టి తేలిక బండికి వచ్చిన 4 స్టార్లను, బరువు బండికి వచ్చిన 5 స్టార్లను పక్కపక్కన పెట్టి పోల్చడం కుదరదు. రోడ్డు మీద అడ్డం కదలకుండా ఉండదు, ఎదురుగా ఇంకో బండి వస్తుంది. రెండు బండ్లూ 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకున్నాయనుకుందాం. మనుషుల బరువు పక్కన పెట్టి, ఒకటి 1,060 కిలోలు, ఇంకోటి 1,750 కిలోలు అని వేసుకుంటే, గుద్దుకున్నాక రెండూ కలిసి బరువు బండి పోతున్న దిక్కుకే గంటకు 12 కిలోమీటర్ల వేగంతో జరుగుతాయి. అంటే ఎస్‌యూవీలో ఉన్నవాళ్ల వేగం ఒక్క క్షణంలో 38 కిలోమీటర్లు పడిపోతుంది. సెడాన్‌లో ఉన్నవాళ్లకు ఆ మార్పు 62 కిలోమీటర్లు, ఎందుకంటే వాళ్లు ఆగిపోవడమే కాదు, వెనక్కి నెట్టబడతారు. ఎముకలు విరగడం, గుండె నలగడం ఈ మార్పు మీదే ఆధారపడి ఉంటాయి.

రోడ్డు మీద బరువు బండ్లు పెరిగేకొద్దీ పాత సెడాన్ ఏమీ మారకుండానే అందులో ప్రమాదం పెరుగుతుందని దీని అర్థం. అందరూ పెద్ద బండ్లు కొంటుంటే మనమూ కొనాల్సిన ఒత్తిడి ఇలాగే వస్తుంది. వ్యక్తిగా చూస్తే ఆ నిర్ణయంలో తప్పు లేదు. ఊరిగా, రోడ్డుగా చూస్తే మాత్రం బైకు మీద పోయేవాళ్లు, నడిచిపోయేవాళ్లు, ఆటోలో కూర్చున్నవాళ్లు ఆ బరువుకు ఎదురుగా నిలబడి ఉన్నారు. ఎత్తైన బానెట్ పెద్దవాళ్లకు తొడ దగ్గర కాకుండా పొట్ట దగ్గర తగులుతుంది, చిన్న పిల్లలైతే ముందు నిలబడినా డ్రైవర్‌కు కనబడరు. గేటెడ్ కమ్యూనిటీల్లో బండి తీసేముందు ఒకసారి ముందుకు నడిచి చూసే అలవాటు ఈ బండ్లకు తప్పనిసరి. 360 డిగ్రీల కెమెరా ఉంటే స్క్రీన్ చూడాలి, చూశాక కూడా అద్దాలు చూడాలి.

కొత్త ఎస్‌యూవీ పై వేరియంట్లలో రాడార్, కెమెరాలతో పనిచేసే అడాస్ ఉంటుంది. ముందు బండి హఠాత్తుగా ఆగితే తానే బ్రేకు వేస్తుంది, లేన్ తప్పుతుంటే స్టీరింగ్‌ని లాగుతుంది. తెల్లారుజామున నాలుగింటికి నిద్రమత్తులో ఉన్న డ్రైవర్‌కు ఇది ప్రాణం కాపాడే పరికరం, ఇందులో అనుమానమే లేదు. కానీ ట్రాఫిక్‌లో పక్కనుంచి దూరే బైకులు, రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లు, గేదెలు, లైన్లు చెరిగిపోయిన రోడ్లు ఉన్నచోట అది అక్కర్లేనప్పుడు కూడా బ్రేకు వేయొచ్చు, అప్పుడు వెనక వచ్చేవాడికి ప్రమాదం. చాలామంది ఊళ్లో కొన్ని ఫీచర్లను ఆపేసి హైవే ఎక్కాక ఆన్ చేసుకుంటారు. అది తెలివైన పద్ధతే.

మూడో వరుస గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అక్కడ కూర్చున్న పిల్లల తలకీ వెనక అద్దానికీ మధ్య ఉండేది కొద్ది దూరం. సెడాన్‌లో వెనక సీటు తర్వాత డిక్కీ అంతా ఒక దిండులా ఉంటుంది. వెనకనుంచి లారీ గుద్దే ప్రమాదాలు మన హైవేల మీద ఎన్ని జరుగుతాయో చూస్తూనే ఉన్నాం. మూడో వరుసను అప్పుడప్పుడూ దగ్గరి ప్రయాణాలకు వాడుకోవడం వేరు, ప్రతి సెలవుకూ 500 కిలోమీటర్లు పిల్లల్ని అక్కడే కూర్చోబెట్టడం వేరు.

ఇన్ని చెప్పుకున్నా బెల్టు పెట్టుకోకపోతే ఏదీ లెక్కలోకి రాదు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది ఖరీదైన, ఎయిర్‌బ్యాగులు బోలెడున్న ఎస్‌యూవీలోనే. వెనక సీట్లో ఉన్నవాళ్లు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. పాత సిటీలో వెనక కూడా బెల్టు పెట్టుకుని కూర్చునే కుటుంబం, కొత్త ఎస్‌యూవీలో బెల్టు క్లిప్పును సీటు వెనక దాచేసే కుటుంబం కంటే ఎక్కువ భద్రంగా ఉంటుంది.

డబ్బు

ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగే ఇంటిని తీసుకుందాం. ఆఫీసుకు వెళ్లిరావడం, నెలకో రెండు నెలలకో ఒకసారి ఊరు. సిటీ పెట్రోలు మాన్యువల్‌కు కంపెనీ చెప్పిన మైలేజీ 17.8. ఊరూ హైవే కలిపి 13 వస్తే మంచిదే అనుకుందాం. పెట్రోలు లీటరు 107 రూపాయల లెక్కన ఏడాదికి 82,000 అవుతుంది. ఎక్స్‌యూవీ పెట్రోలుకు ఎనిమిదిన్నర వేసుకుంటే లక్షా 26 వేలు. డీజిల్‌కు 12 వేసుకుని, లీటరు 96 రూపాయలైతే 80,000. చూశారా, టన్నున్నర దాటిన డీజిల్ ఎస్‌యూవీ ఇంధనం ఖర్చు, చిన్న పెట్రోలు సెడాన్ ఖర్చుతో సమానం! మైలేజీ దగ్గర తేడా తేలదన్నది ఇందుకే.

డబ్బు పోయేది కంటికి కనబడని చోట. ఆన్‌రోడ్ 25 లక్షలు పెట్టి కొన్న బండి ఐదేళ్లలో సగం విలువకు వస్తుందనుకుంటే ఏడాదికి రెండున్నర లక్షలు. తిరిగేది 10,000 కిలోమీటర్లే కాబట్టి కిలోమీటరుకు 25 రూపాయలు. డీజిల్ కిలోమీటరుకు 8 రూపాయలు. బంకులో లీటరుకు రూపాయి పెరిగితే బాధపడే ఇల్లు, ప్రతి కిలోమీటరుకు ఈ పాతిక రూపాయల్ని గమనించదు, ఎందుకంటే దానికి రశీదు రాదు. పాత సిటీ విలువ నాలుగు లక్షలనుకుంటే ఐదేళ్లలో ఒకటిన్నర లక్ష పోతుంది, కిలోమీటరుకు 3 రూపాయలు. రిపేర్లకు ఏటా 50,000 పెట్టినా, అది కూడా కలిపి కిలోమీటరుకు 8 రూపాయలే.

లోన్ తీసుకుంటే లెక్క ఇంకా బరువెక్కుతుంది. 20 లక్షలు, 9 శాతం వడ్డీ, ఐదేళ్లు: నెలకు 41,500 చొప్పున ఈఎంఐ. ఐదేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే 4 లక్షల 90 వేలు. అంటే పాత కారు మొత్తం విలువ కంటే ఎక్కువ డబ్బు వడ్డీగా పోతుంది.

ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ సైజు ఒక గీత గీస్తుంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ ప్రీమియం 1,000 నుంచి 1,500 సీసీ మధ్య బండ్లకు 3,416 రూపాయలు, 1,500 దాటితే 7,897. సిటీ ఇంజిన్ 1,497 సీసీ. మూడు సీసీల తేడాతో సగం కంటే తక్కువ స్లాబులో ఉంది. ఈ 1,500 గీత పన్నుల్లోనూ ఉండేది. 2025 సెప్టెంబరు 22 దాకా పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం, సిటీ లాంటి సెడాన్‌ల మీద 45 శాతం. ఆ రోజు నుంచి సెస్సు పోయి రెండింటికీ 40 శాతమే. సెడాన్‌కు ఉన్న ఐదు శాతం ఊరట కూడా పోయింది. 

టోల్ దగ్గర మాత్రం రెండూ ఒకటే. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు ఎక్కడైనా కారు, జీపు, వ్యాను ఒకే తరగతి. ఫాస్టాగ్ వార్షిక పాసు కూడా రెండింటికీ ఒకే ధర. టైర్లు మార్చే రోజు తేడా మళ్లీ తెలుస్తుంది. 15 అంగుళాల సన్న టైరు పక్కన 18 అంగుళాల వెడల్పు టైరు ధర రెట్టింపుకు పైనే ఉంటుంది, అవి నాలుగు కావాలి.

డీజిల్ ఎస్‌యూవీ తీసుకునేవాళ్లకు డీపీఎఫ్ గురించి ముందే చెప్పాలి. బీఎస్-6 డీజిల్ బండ్లలో పొగలోని మసిని పట్టుకునే వడపోత అది. మసి నిండాక కాల్చుకోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా, మంచి వేగంతో పోవాలి. రోజూ పిల్లల్ని స్కూల్లో దింపి, నాలుగు కిలోమీటర్లు పోయి ఆపే బండికి ఆ అవకాశం రాదు, వార్నింగ్ లైటు వస్తుంది. అలాంటి వాడకానికి డీజిల్ సరిపడదు. ఏడాదికి 25-30 వేల కిలోమీటర్లు, అందులో ఎక్కువ హైవే ఉన్నవాళ్లకైతే ఇదే డీజిల్ బండి అన్ని లెక్కల్లోనూ గెలుస్తుంది. కిలోమీటరుకు విలువ తరుగుదల మూడో వంతుకు తగ్గుతుంది, ఒళ్లు అలసిపోదు. అంత తిరుగుడు పాత సెడాన్‌తో చేయిస్తే అదీ అలసిపోతుంది, నడిపేవాడూ అలసిపోతాడు.

పాతది ఉంచుకుంటే

నాలుగో తరం సిటీ పెట్రోలు ఇంజిన్‌కు టర్బో లేదు, డీపీఎఫ్ లేదు, బెల్టు బదులు టైమింగ్ చైన్ ఉంది. చెడిపోవడానికి వస్తువులే తక్కువ. ఆటోనగర్‌లో దీని లోపలా బయటా తెలిసిన మెకానిక్‌లు బోలెడంత మంది. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు భయం కూడా ఈ బండికి కొంత తక్కువ, 2009 జనవరి తర్వాత తయారైన తన కార్ల విడిభాగాలు ఈ20ని తట్టుకుంటాయని హోండా చెప్పింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కాస్త తగ్గడం మాత్రం తప్పదు.

2014 బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, అంటే 2029 దాకా ఉంటుంది. తర్వాత ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి. ఢిల్లీలో పదేళ్ల డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షలు ఇక్కడ లేవు. అందుకే అక్కడి డీజిల్ బండ్లు చవగ్గా ఇటు వస్తుంటాయి. ధర చూసి ముచ్చటపడేముందు ఎన్‌వోసీ, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపి లెక్కేసుకోవాలి.

పాతది ఉంచుకోవడమంటే దాన్ని అలాగే వదిలేయడం కాదు. పదేళ్ల బండిలో ఇంజిన్ కంటే ముందు ముసలయ్యేది రబ్బరు. సస్పెన్షన్ బుష్‌లు, ఇంజిన్ మౌంటింగ్‌లు, బ్రేక్ హోస్‌లు, కూలెంట్ గొట్టాలు. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు కింద టక్ టక్ మన్నా, న్యూట్రల్‌లో నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ వణికినా వయసు అక్కడ పడిందని అర్థం. ఇవన్నీ ఒకేసారి మార్పించి, షాక్ అబ్జార్బర్లు వేయించి, ఏసీ కండెన్సర్ శుభ్రం చేయించి, నాలుగు మంచి టైర్లు వేయిస్తే ఆ బండి మళ్లీ మూడేళ్ల కిందట ఎలా ఉండేదో అలా నడుస్తుంది. ఈ పనులన్నింటికీ అయ్యే ఖర్చు కొత్త బండికి కట్టే రెండు మూడు ఈఎంఐలు.

టైర్ల విషయంలో చాలామంది గీతలు మాత్రమే చూస్తారు. తక్కువ తిరిగే బండిలో గీతలు నిండుగా ఉండగానే రబ్బరు ఎండిపోతుంది. టైరు పక్కన చిన్న గుండ్రటి గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. ఆరేళ్లు దాటిన టైరుతో ఎండాకాలం విజయవాడ హైవే మీద 100లో పోవడం కంటే, కొత్త ఎస్‌యూవీ కొనాలా వద్దా అన్న చర్చను ఇంకో ఏడాది సాగదీసి ముందు ఆ నాలుగు టైర్లు మార్చడం అవసరం.

కొత్తది కొనాల్సినవాళ్లు ఎవరు? ఇంట్లో ఆరుగురు కలిసి నెలకు రెండుమూడుసార్లు ప్రయాణం చేసేవాళ్లు, ఇల్లో పొలమో గతుకుల దారిలో ఉన్నవాళ్లు, రాత్రిళ్లు ఎక్కువ హైవే నడిపేవాళ్లు, ఏడాదికి పాతిక వేల కిలోమీటర్లు దాటేవాళ్లు. వీళ్లకు పాత సెడాన్‌ను పట్టుకుని కూర్చోవడం పొదుపు కాదు. ముఖ్యంగా రాత్రి హైవే వాడకం ఉన్నవాళ్లకు బాడీ గట్టితనం, అడాస్, మంచి హెడ్‌లైట్లు కలిపి చూస్తే పెట్టిన డబ్బుకు అర్థం ఉంది. నలుగురే ఉన్న ఇల్లు, రోజూ తిరిగేది ఊళ్లోనే, ఏడాదికోసారి సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరికి ఏడుగురు కావాలంటే, ఆ మూడు రోజులకు ఏడు సీట్ల బండి అద్దెకు తీసుకోవడం ఎన్నో రెట్లు చవక.

టెస్ట్ డ్రైవ్‌కు షోరూమ్ వాళ్లు చూపించే నున్నటి రోడ్డు సరిపోదు. బండిని ఇంటికి తెమ్మనాలి. సెల్లార్ ర్యాంపు దింపి, మన స్లాట్‌లో, పక్కన ఎప్పుడూ ఉండే కారు ఉన్నప్పుడే పెట్టి చూడాలి. పెద్దవాళ్లను రెండో వరుసలోకి ఎక్కించాలి. కొనేవాళ్లు మూడో వరుసలో కూర్చుని, ఊరి చివర గతుకుల రోడ్డు మీద అరగంట తిప్పించుకోవాలి. దిగాక మెడ నొప్పి లేకుండా, తల తిరగకుండా ఉంటే అప్పుడు ఆన్‌రోడ్ ధర అడగాలి.